పైకి తెలియదు

ఆశ్చర్యపోలేదు. అదీ అసలు సంగతి. మావగారి మొహం పాలిపోయింది, అత్తగారి చెయ్యి నోటి మీదికి వెళ్ళింది. దేవి మాత్రం ఆశ్చర్యపోలేదు. ఇరుకు మెట్లెక్కి పైకి వచ్చి, కంప్యూటర్ ముందు కూర్చున్న మొగుణ్ణి చూసి, ఉప్పు డబ్బా పెట్టినచోటే ఉందన్నట్టు చూసింది.

అంటే తెలుసు. ఎప్పటినుంచి తెలుసు?

కల్యాణ్ చేతిలో రేజరు ఆగింది. అద్దంలో ఒక బుగ్గ నున్నగా ఉంది. రెండో బుగ్గ మీద సబ్బు నురగ ఎండి చారలు కట్టింది.

నిన్న, శనివారం మధ్యాహ్నం జరిగినదాన్ని అతను నిద్ర లేచింది మొదలు తిప్పి తిప్పి చూస్తున్నాడు. పని నేర్పిన చూపు అది. తెర మీద ఉంగరాన్నో జుంకానో పట్టుకుని పైనుంచి, పక్కనుంచి, వెనకనుంచి చూడటం. తెర మీద నగకి కింద నేల ఉండదు. నల్లటి ఖాళీలో తేలుతూ ఉంటుంది, ఎంత తిప్పినా పడిపోదు. నిన్నటి సంగతి అలా కాదు. తిప్పిన ప్రతిసారీ ఏదో ఒక అంచు చేతికి గుచ్చుకుంటోంది.

పాట్ మార్కెట్‌లో ఓంప్రకాశ్ సేట్ బంగారం కొట్టు. కింద గాజు బల్లలు. పైన అటకలాంటి గది, అందులో రెండు కంప్యూటర్లు, మైనం చెక్కే మిషను ఒకటి. నాలుగేళ్ళుగా కల్యాణ్ కూర్చునేది అక్కడే. అతను తెర మీద గీసిన నగ ఆ మిషన్‌లోంచి మైనం ముక్కగా బయటికి వస్తుంది. దాన్ని పట్టుకెళ్ళి వెనక కార్ఖానాలో బెంగాలీ పనివాళ్ళు బంగారం పోత పోస్తారు.

నిన్న సేటే స్వయంగా బేరాన్ని వెంటబెట్టుకుని పైకి వచ్చాడు.

"రండమ్మా, జెర మెట్లు చూసుకోండి. కల్యాణ్ భాయ్, పెండ్లిపిల్లకు వంకీ కావాల్నంట. చిలకల డిజైన్ చూపెట్టు. మా దగ్గర కంప్యూటర్ ఉన్నదమ్మా. నగ తయారు గాకముందే చూసుకోవచ్చు. బజార్ల ఇంకెక్కడ గిట్ల ఉండది."

సేటు వెనక మావగారు రమణయ్య. ఆయన వెనక అత్తగారు అప్పలలక్ష్మి. ఆఖర్న దేవి.

ఎవరూ ఎవరినీ గుర్తుపట్టలేదు.

పొద్దున్నే ఒక ఇంట్లో కూర్చుని ఇడ్లీలు తిన్న నలుగురు ఆ గదిలో ముక్కూ మొహం తెలియని వాళ్ళయిపోయారు. రమణయ్య కుర్చీ లాక్కుని కూర్చుని గొంతు సవరించుకున్నారు.

"బరువెంత రావొచ్చు బాబూ?"

ఆయన అల్లుణ్ణి ఎప్పుడూ బాబూ అనే పిలుస్తారు. నిన్నటి బాబు వేరు. కొట్లో గుమస్తాని పిలిచే బాబు.

"లోపల బోలుగా తీస్తే బరువు తగ్గుతుందండీ. పైకి తెలియదు." రోజుకి పదిసార్లు అనే మాట. మనిషి ప్రమేయం లేకుండా నోరే అనేసింది.

"పైకి తెలియదా?" రమణయ్య తెర మీంచి చూపు తిప్పలేదు. "బోలు వద్దు బాబూ. మా ఇంట్లో అలాటిది ఒకటుంది. చాలు."

ఏ పాత గాజు గురించో అనుకుని సేటు నవ్వాడు.

అప్పుడు దేవి సంచిలోంచి ఎర్ర దారం తీసి ఇచ్చింది. ఊళ్ళో ఉన్న చెల్లెలు కనకలక్ష్మి దండచేతి చుట్టుకొలత అది, ముడి వేసి తెచ్చినది. "ఈ కొలతకి రెండు చిలకలూ ఇముడుతాయాండీ?" అంది. దారం అందుకున్నప్పుడు ఆమె వేళ్ళు తగిలాయి. ఇంటి పసుపు వాసన వేసింది. ఆ వాసన ఒక్కటే ఆ గదిలో అతన్ని గుర్తుపట్టింది.

వాళ్ళే కదా మొదలుపెట్టారు, అనుకున్నాడు అద్దంలోకి చూస్తూ. ఆయన తెలియనట్టు చూశారు కాబట్టే నేనూ.

తలుపు మీద టకటకమంది. "బాబూ, అయిందేటి?" అత్తగారు. "మీ మావయ్య తానానికెళ్ళాల. పదకొండింటికి మగపెళ్ళోరొచ్చేస్తారు."

"అయిపోయిందండీ."

నిన్న సాయంత్రం అతను ఇంటికి వచ్చాక ఈ ఇంట్లో అతనితో ఎవరైనా మాట్లాడిన మొదటి మాట అది.

*

సీతాఫల్‌మండిలో ఆ రెండు గదుల వాటా పెళ్ళయిన కొత్తలో తీసుకున్నది. ముందు గదిలో మంచం, రెండు ప్లాస్టిక్ కుర్చీలు. మంచం పక్కన అత్తగారి ట్రంకు, సంచులు సర్ది ఉన్నాయి. సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి ప్రయాణం. నిన్నటివరకూ టికెట్లు రెండే. పొద్దున్నే రమణయ్య స్టేషన్‌కి వెళ్ళి మూడోది కూడా తెచ్చారు. ఆ సంగతి ఎవరూ కల్యాణ్‌తో చెప్పలేదు. ట్రంకు పక్కన దేవి నీలం బ్యాగు కనిపించింది, సగం నిండి, నోరు తెరుచుకుని.

గుమ్మంలోంచి ఇంటావిడ బాలమ్మ తొంగిచూసింది. "నీళ్ళు బంద్ అయితయి, బకెట్లు నింపుకోండ్రి. ఏందమ్మా, ఇయ్యాల్నే పోతున్నరా? జెర రెండు దినాలు ఉండరాదు?"

"ఇంకెక్కడుంటామమ్మా, పెళ్ళి పనులు" అంది అప్పలలక్ష్మి.

"మంచిగ చేసుకోండ్రి. మీ చిన్నల్లుడు సుత గీ పిల్లగాని లెక్కనే దొరకాలె. సాఫ్ట్‌వేరోళ్ళంటే ఎంత నీలుగుతరు! ఈయనకు జెరంత సుత లేదు. మీ అల్లుడు బంగారమమ్మా!"

"అవునమ్మా" అంది అప్పలలక్ష్మి, బియ్యంలో రాళ్ళేరుతూ. "బంగారమే. నిన్ననే తెలిసింది మాకు."

బాలమ్మ నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. 

రమణయ్య స్నానం చేసి, విభూతి పెట్టుకుని వచ్చి ఎదురుగా కూర్చున్నారు. బొబ్బిలిలో సహకార బ్యాంకులో ముప్పై ఏళ్ళు చేసి దిగిన మనిషి. కోపం వస్తే గొంతు తగ్గిస్తారు.

"పదకొండింటికి జీవరాజు గారొస్తారు. పెళ్ళికొడుక్కి పెదనాన్న. కాప్రాలో ఉంటారు. ఆయన ఊఁ అంటే ముహూర్తం పెట్టుకోవడమే."

"తెలుసండీ."

"మా పెద్దల్లుడు సాఫ్ట్‌వేర్ అని ఆయనకి చెప్పింది నేనే. నా నోటితో. వాళ్ళబ్బాయి పూనాలో అదే పని. ఇద్దరల్లుళ్ళూ ఒక లైన్లో ఉంటే బాగుంటుందని ఆయనే మురిసిపోయారు." కుర్చీ ముందుకి జరుపుకున్నారు. "అడిగితే ఏదో ఒక కంపెనీ పేరు చెప్పండి. హైటెక్ సిటీ అనండి. పెళ్ళయ్యేవరకు. తరవాత మీ ఇష్టం."

"నేనెప్పుడూ సాఫ్ట్‌వేర్ అని చెప్పలేదు మావయ్యగారూ."

"చెప్పలేదు. కాదని కూడా చెప్పలేదు."

నిజమే. పెళ్ళిచూపుల నాడు కల్యాణ్ మేనమామ పైడిబాబు 'మావాడు హైదరాబాదులో కంప్యూటర్ మీద డిజైన్లు చేస్తాడు' అన్నాడు. ఆ ఊళ్ళో కంప్యూటర్ అంటే సాఫ్ట్‌వేర్ అనే అర్థం. 'ఓహో, హైటెక్ సిటీయా?' అన్నారు రమణయ్య, కళ్ళు వెలిగిపోతూ. కల్యాణ్ చేతిలో టీ ఉంది. తాగాడు. కప్పు దించేసరికి మాట జంతికల మీదికి, రైళ్ళ మీదికి వెళ్ళిపోయింది. తన కాపురం మొత్తం ఆ ఒక్క గుక్క మీద నిలబడి ఉందని అతనికి చాలాసార్లు అనిపించింది. అబద్ధమాడి ఉంటే నేరం చేశానన్న స్పష్టతయినా ఉండేది. అతను మింగాడు. మింగినదాన్ని ఏ పేరుతో పిలవాలో తేల్చుకోలేకపోయాడు.

"ఆ రోజే చెప్పుంటే పిల్లనిచ్చేవారా మీరు?" అని అడిగాడు. గొంతులో ఎత్తిపొడుపు ఉండాలనుకున్నాడు గాని రాలేదు.

రమణయ్య గొంతు ఇంకా తగ్గించారు.

"ఏమో. ఇచ్చేవాణ్ణేమో కూడా. తేల్చుకునే పని నాది. అది నాకు లేకుండా చేశారు మీరు."

"అయినా" అంది అప్పలలక్ష్మి చేట కొడుతూ, ఎవరితోనూ కాదన్నట్టు, "ఆ తెర మీద చిలక గిర్రున తిరుగుతుంటే బాగానే ఉంది. ఉన్నమాట సెప్పుకోవాల."

"నువ్వూరుకో" అన్నారు రమణయ్య.

*

వంటింట్లో దేవి పోపు వేస్తోంది. కల్యాణ్ గుమ్మంలో నిలబడ్డాడు. నిలబడటం తెలియని మనిషిలా ఒక చెయ్యి తలుపుకి ఆనించి, తీసేసి, మళ్ళీ ఆనించాడు.

"మూడో టికెట్ నీకా?"

"ఊఁ."

"ఎన్నాళ్ళకి?"

"కనకం పెళ్ళి పనులున్నాయి."

"పెళ్ళి రెండు నెలలుంది."

ఆమె కరివేపాకు దూసి నూనెలో వేసింది. చిటపటలు తగ్గేదాకా ఇద్దరూ ఆగారు.

"ఎప్పటినుంచి తెలుసు నీకు?"

"ఎనిమిది నెలలు." గరిట తిప్పుతూనే చెప్పింది. "బాలమ్మగారి మట్టె విరిగితే అతికించడానికి తోడు వెళ్ళాను. ఆవిడ కొట్లోకెళ్తే నేను బయట నిలబడ్డాను. మీరు మీ సేటు కొట్టు పక్క సందులో, మెట్ల మీద కూర్చుని టీ తాగుతున్నారు. బెంగాలీ వాళ్ళేదో చెప్తున్నారు, మీరు పగలబడి నవ్వుతున్నారు." గరిట గిన్నె అంచున తట్టింది. "మీకు అలా నవ్వడం వచ్చని అప్పుడే తెలిసింది నాకు."

అతను తలుపు మీది చెయ్యి తీసేశాడు. దొరికిపోయిన భయం అనుకున్నాడు మొదట. కాదు. ఎనిమిది నెలలు తను ఒక గదిలో ఒంటరిగా కూర్చున్నాననుకున్నాడు. గోడకి అవతల ఇంకో మనిషి అలాగే కూర్చుని ఉందన్నమాట.

"మరి అడగలేదేం?"

"అడిగితే జవాబొస్తుంది. నాకు జవాబెందుకు? రోజూ తలుపు తీసేటప్పుడు ఈ పూట చెప్తారు అనుకునేదాన్ని. మీ గోళ్ళ కింద ఆ ఆకుపచ్చ మైనం కనపడేది. ఏంటండీ అదీ అందామని నోటిదాకా వచ్చేది. మీరేమో చేతులు కడుక్కుని వచ్చి కూర్చునేవారు. 'ఆఫీసులో పని ఎక్కువ.' రోజూ అదే మాట."

"అది అబద్ధం కాదు కదా దేవీ."

"కాదు. మీరెప్పుడూ అబద్ధం ఆడరు." ఆమె నవ్వింది. ఏడుపు కన్నా అదే కష్టంగా ఉంది చూడటానికి.

కల్యాణ్ గొంతు తగ్గించాడు. "నిన్న వాళ్ళని అక్కడికి నువ్వే తీసుకొచ్చావా? ఆ వీధిలో ఇరవై కొట్లున్నాయి."

"నేనే తీసుకొచ్చాను."

"ఎందుకు? మీ నాన్న ముందు నన్ను నిలబెట్టడానికా? నిలబెట్టి, ముగ్గురూ కలిసి నన్ను తెలియనట్టు నటించడానికా?"

దేవి పొయ్యి ఆపేసింది. పూర్తిగా ఇటు తిరిగింది.

"మేం నటించామా? బాగా గుర్తు తెచ్చుకోండి. నేను ఆఖరి మెట్టు ఎక్కాను. నోరు తెరిచాను, మిమ్మల్ని పిలుద్దామనే. మీరు కుర్చీలోంచి లేచారు. నా మొహంలోకి చూశారు. ఏమన్నారు?"

అతనికి గుర్తులేదు. గుర్తులేదనే అనుకున్నాడు. తరవాత తన గొంతే వినిపించింది, కొట్లో వాడే ఆ మెత్తటి, నున్నటి గొంతు.

*రండి మేడమ్. కూర్చోండి.*

"మేడమ్ అన్నారు నన్ను" అంది దేవి. "ఒక్కసారి 'దేవీ' అని పిలుస్తారనుకున్నాను. మా నాన్న ముందు, మీ సేటు ముందు. అంతే. దానికోసమే తీసుకొచ్చాను. నాన్న తిడతారు, అమ్మ ఏడుస్తుంది, అయిపోతుంది అనుకున్నాను. మీరు మేడమ్ అనేసరికి నాన్న కూర్చుండిపోయారు. ఆయన మాత్రం ఏం చేస్తారు? అల్లుడే కాదంటుంటే."

కల్యాణ్ పొద్దుటినుంచి అన్ని వైపులా తిప్పి చూసిన ఆ దృశ్యంలో ఒక ముక్క లేనేలేదు. తనే తీసేశాడు. తీసేసి, మిగతా ముక్కల్ని ఎక్కడా అతుకు కనపడకుండా జరిపి కూర్చోబెట్టాడు. అది కూడా పనితనమే.

"దేవీ" అన్నాడు.

"ఇప్పుడెందుకు."

బయట ఆటో ఏదో ఆగి వెళ్ళింది. ఇద్దరూ చెవులు రిక్కించారు. జీవరాజు గారు కాదు.

"ఆ చిలక" అంది దేవి. "ఒకటి ముందుకి చూస్తోంది, రెండోది మెడ వెనక్కి తిప్పి ఎవర్నో చూస్తున్నట్టుంది. అది మీరే గీశారా?"

"ఊఁ. మూడు వారాలు పట్టింది. మెడ తిరిగినచోట ఈకలు విరిగినట్టుండేవి. గురువారం నాడు..." అతను ఆగాడు. ఆ గురువారం సాయంత్రం చిలక మెడ కుదిరింది. ఒక్కసారిగా ప్రాణం వచ్చినట్టు తెర మీద తల తిప్పింది. గదిలో ఎవరూ లేరు. సేటుకి బరువు తప్ప ఏదీ పట్టదు. బస్సులో నిలబడి ఇంటికి వస్తూ ఎవరికైనా చెప్పాలని ఒళ్ళంతా ఆరాటం, జ్వరంలా.

"గురువారం ఇంటికొచ్చి నాకేం చెప్పారు?"

"పని ఎక్కువ అన్నాను."

"బాగుంది ఆ చిలక" అంది దేవి. కళ్ళు తుడుచుకోలేదు, అటు తిరిగిందంతే. "నిన్న ఆ మాట కూడా పరాయిదానిలా మింగాల్సొచ్చింది."

ఎవరో తన పనిని బాగుందన్నారు. నాలుగేళ్ళలో మొదటిసారి. ఆ మాట చెవిన పడిన చోటే చల్లారిపోయింది, దాన్ని అందుకోవడానికి అతనికి మొహం చాలలేదు.

"మీ నాన్న చెప్పమన్నట్టు చెప్పనా, ఆయనొస్తే?"

"నన్నడక్కండి."

"కనకం సంబంధం చెడిపోతే?"

"రేపు వాళ్ళకి తెలిస్తే? ఆ ఇంట్లో ఎత్తిపొడుపులు పడేది మీరూ కాదు, నాన్నా కాదు. కనకం. అన్నం పెట్టినప్పుడల్లా, పండగొచ్చినప్పుడల్లా, మీవాళ్ళు అబద్ధాలకోర్లు కదా అంటారు." ఉప్మా గిన్నె దించి మూత పెట్టింది. "అయినా నన్నడక్కండి. ఎవరో అడిగితేనో, చెప్పమంటేనో చెప్పే మాట నాకొద్దు."

*

జీవరాజు గారు చెప్పిన వేళకే వచ్చారు. పొట్టి మనిషి, తెల్లచొక్కా, చేతిలో మడత గొడుగు. ఎక్కువ మాట్లాడించే మనిషిలా కనపడలేదు. ఉప్మా బాగుందన్నారు. అమ్మాయి ఫొటో మళ్ళీ చూపించమన్నారు. బ్యాంకులో కూడా ఎవరి ముందూ వంగని రమణయ్య చేతులు నలుపుకుంటూ ఆయన ముందు కుర్చీ అంచున కూర్చున్నారు.

"నేను ముప్పై నాలుగేళ్ళు లేత్ మిషను మీద చేశానండీ" అన్నారు జీవరాజు గారు. "కాప్రా దగ్గరే ఫ్యాక్టరీ. రిటైరయ్యి నాలుగేళ్ళు. ఇప్పటికీ పొద్దున్నే లేస్తే చేతులు వాటంతటవే హ్యాండిల్ కోసం వెతుకుతాయి. మావాడు నవ్వుతాడు. ఇనప ముక్క మీద అంత ప్రేమేంటి పెదనాన్నా అంటాడు."

ఆయన కల్యాణ్ వైపు తిరిగారు. రమణయ్య ఊపిరి బిగబట్టడం కల్యాణ్‌కి వినిపించింది. కంపెనీ పేరు నాలిక చివర సిద్ధంగా ఉంది. పేపర్లో చూసిన పేరే ఒకటి.

"పని బాగుంటుందా బాబూ?" అన్నారు జీవరాజు గారు.

అంతే అడిగారు. ఏ కంపెనీ అనలేదు, ఎక్కడ అనలేదు. వేసుకున్న చెప్పులు కరుస్తున్నాయా అని అడిగినంత మామూలుగా అడిగారు.

కల్యాణ్ నోరు తెరిచాడు. తయారుగా ఉన్న అబద్ధం ఈ ప్రశ్నకి అతకలేదు. అతికే మాట ఎక్కడో లోతున ఉంది. ఈకలు, మెడ ఒంపు, గురువారం సాయంత్రం. అది పైకి వచ్చేలోగానే రమణయ్య అందుకున్నారు.

"బాగుండకేమండీ! పెద్ద కంపెనీ. హైటెక్ సిటీలో తొమ్మిదంతస్తులు. ఫారిన్ ప్రాజెక్టులు. ఆదివారం కూడా పిలుస్తుంటారు, ఇవాళేదో మీరొస్తున్నారని..."

"అలాగా" అన్నారు జీవరాజు గారు. చూపు మాత్రం కల్యాణ్ మీదే కాసేపు నిలిచింది, ఇంకా జవాబు రాలేదన్నట్టు. కల్యాణ్ తల దించుకున్నాడు. వంటింటి గుమ్మంలో దేవి కాలి వేళ్ళు కనపడ్డాయి. అవి వెనక్కి వెళ్ళిపోయాయి.

పావుగంట తరవాత ఆయన లేచారు. బొట్టు పెట్టించుకున్నారు, పళ్ళు అందుకున్నారు. "మా తమ్ముడికి ఫోన్ చేసి చెప్తాను. నాకైతే అంతా నచ్చింది" అన్నారు. గేటు దాకా వచ్చిన రమణయ్యని వద్దు వద్దంటూనే దణ్ణం పెట్టి, గొడుగు విప్పుకుని మెయిన్ రోడ్డు వైపు నడిచారు.

"గండం గడిచింది" అన్నారు రమణయ్య లోపలికొచ్చి, మంచం మీద వెనక్కి వాలుతూ. నిన్నటి మధ్యాహ్నం తరవాత మొదటిసారి ఆయన మొహం వదులైంది. "థాంక్స్ బాబూ. మీరేమీ అనకపోవడమే మంచిదైంది."

అనకపోవడం. ఈసారి ఆయనే మెచ్చుకున్నారు దాన్ని.

అప్పలలక్ష్మి ట్రంకు తాళం వేసింది. "భోజనాలు సేసి బయల్దేరిపోదాం. ఒలే దేవీ, సీరలన్నీ పెట్టేసుకున్నావా?"

"పెట్టేసుకున్నానమ్మా."

దేవి నీలం బ్యాగు జిప్పు లాగింది. మధ్యలో గుడ్డ చిక్కుకుంది. ఆమె దాన్ని విడదీసి, ఓపిగ్గా, చివరిదాకా మూసింది. కల్యాణ్ వైపు చూడలేదు. ఆ మొహంలో కోపం లేదు. కోపం ఉంటే పట్టుకోవడానికి ఏదో ఒక కొస ఉండేది. నిన్న కొట్లో చూసిన మొహమే అది, మర్యాదగా కొలత అడిగిన పరాయి మనిషి మొహం. రేపట్నుంచి ఈ గది ఎలా ఉంటుందో అతనికి స్పష్టంగా కనపడింది. తలుపు తీయడానికి ఎవరూ ఉండరు. చెప్పకుండా దాచుకోవడానికి కూడా ఎవరూ ఉండరు.

అతను చెప్పుల్లో కాళ్ళు దూర్చాడు.

"ఎక్కడికి?" అన్నారు రమణయ్య.

జవాబు చెప్తే ఆగిపోతానని తెలుసు. అందుకే చెప్పలేదు. గేటు దాటాడు. నీళ్ళ బకెట్‌తో ఎదురొచ్చిన బాలమ్మ "ఏందయ్యా, గట్ల ఉరుకుతున్నవ్?" అంటోంది. సందు మలుపు తిరిగేసరికి తను నిజంగానే పరుగెత్తుతున్నాడని తెలిసింది. ఎండ నెత్తిన కొడుతోంది. ఒక్కో అడుక్కీ ఒక్కో మాట అడ్డం పడుతోంది. కనకం సంబంధం. మావగారి పరువు. దేవి ఎలాగూ వెళ్ళిపోతుంది, ఇప్పుడెందుకు? అన్నీ నిజమే. ఇన్నాళ్ళూ అతన్ని కూర్చోబెట్టినవి ఎప్పుడూ నిజాలే.

స్టాపులో లాలాగూడ వైపు వెళ్ళే బస్సు ఆగి ఉంది. జీవరాజు గారు గొడుగు మడిచి, మెట్టు మీద ఒక కాలు పెట్టారు.

"జీవరాజు గారూ!"

ఆయన వెనక్కి తిరిగారు. "ఏం బాబూ? ఏమైనా మరిచిపోయానా?"

"ఎక్కుతవా లేదా పెద్దాయనా?" కండక్టర్ లోపల్నించి అరిచాడు. "టైమైతున్నది!"

కల్యాణ్ రొప్పుతున్నాడు. ముందు ఏ మాట అనాలో తెలియలేదు. క్షమించండి అనాలా, మావయ్యగారు చెప్పింది అనాలా, నా తప్పే అనాలా. చెయ్యి ముందుకు వెళ్ళి ఆ పెద్దమనిషి మోచేతిని పట్టుకుంది.

"బాగుంటుందండీ" అన్నాడు. "నా పని. మీరడిగారు కదా. నేను పాట్ మార్కెట్‌లో బంగారం కొట్లో చేస్తాను. నగలు గీస్తాను."